నడిమి గోడ తీసేయవచ్చా: ముందు దాని మీది బరువుకు దారి చూపించాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మల్కాజిగిరిలో 1986లో కట్టిన మీ ఇల్లు రెండు అంతస్తులది. పిల్లర్లు లేవు, స్లాబులన్నీ తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే ఆనుకుని ఉన్నాయి. ఇంటి నడుమ పొడవునా 24 అడుగుల గోడ ఒకటి సాగుతోంది, దానికి రెండు వైపులా 11 అడుగుల వెడల్పున పొడుగాటి గదులు ఉన్నాయి, పై అంతస్తులోనూ సరిగ్గా దాని మీదే మరో గోడ ఉంది. కింది గోడలో మధ్యనున్న 13 అడుగుల భాగాన్ని తీసేసి పెద్ద హాలు చేసుకోవాలని మీ ఆలోచన. ఎనిమిదంగుళాల గర్డరు ఒకటి వేస్తే చాలునని మేస్త్రీ అంటున్నారు. మన గుట్టల మీద బండలే పునాది లేకుండా నిలబడ్డాయి, ఇంత గట్టి నేల మీద ఇల్లు ఎక్కడికి పోతుందని మీ నాన్నగారు అంటున్నారు. ఇద్దరి మాటా నమ్మవచ్చా అన్నది మీ సందేహం.

నా సమాధానం: అది బరువు మోసే గోడ. ఎనిమిదంగుళాల గర్డరు దానికి చాలదు. గోడను తీయడం సాధ్యమే, అయితే దాని మీది బరువు నేల దాకా దిగడానికి కొత్త దారి పూర్తిగా సిద్ధమైన తరువాతే ఇటుక మీద సుత్తి పడాలి. అంత ఖర్చు, శ్రమ వద్దనుకుంటే తక్కువ వెడల్పున దారి తెరుచుకునే పద్ధతి ఒకటి ఉంది. దాని గురించి చివరలో రాస్తాను.

హైదరాబాదులో పాత ఇళ్ల మరమ్మతులు, బలోపేతం పనులు చూసే స్ట్రక్చరల్ ఇంజనీరుగా నాకు ఇరవై ఆరేళ్ల అనుభవం ఉంది. ఈ కాలంలో నేను చూసిన ప్రమాదకరమైన పగుళ్లలో ఎక్కువ భాగం నాసిరకం సిమెంటు వల్ల వచ్చినవి కావు, ఇల్లు బరువును ఎలా దించుతోందో గమనించకుండా ఏదో ఒక భాగాన్ని కోసేయడం వల్ల వచ్చినవి.

ఇంట్లో ఏ బరువూ ఉన్నచోటే ఉండిపోదు. మేడ మీద నిలబడిన మనిషి బరువు స్లాబులోకి, అక్కడి నుంచి గోడలోకి, గోడ నుంచి పునాదిలోకి, పునాది నుంచి నేలలోకి దిగుతుంది. ఈ దారిలో ఒక మజిలీని తీసేస్తే ఆ బరువు దగ్గరలో గట్టిగా ఉన్న మరో భాగం మీదికి మళ్లుతుంది. ఆ భాగాన్ని కట్టినవాళ్లు ఈ అదనపు బరువును లెక్కలోకి తీసుకుని ఉండరు కనుక పగుళ్లు అక్కడ మొదలవుతాయి. అందుకే గోడ తీసిన గదిలో ఏమీ కనిపించకుండా, రెండు గదుల అవతల తలుపు బిగుసుకుపోవడం చాలాసార్లు చూశాను.

స్లాబు తన బరువును ఎటు పంపుతుందో గది ఆకారాన్ని బట్టి చెప్పవచ్చు. పొడవు వెడల్పుకు రెండింతలు దాటితే బరువు దాదాపు అంతా దగ్గరి దారిలో, అంటే వెడల్పు దిశలో వెళ్లి పొడవు గోడల మీద పడుతుంది. మీ గదులు 24 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. కాబట్టి నడిమి గోడ రెండు వైపుల నుంచీ సగం సగం స్లాబును అందుకుంటోంది, అదీ రెండు అంతస్తులలో. గోడ మీద తట్టి శబ్దాన్ని బట్టి ‘ఇది ఉత్త గోడే’ అని తేల్చే అలవాటు కొందరు మేస్త్రీలకు ఉంది. శబ్దం గోడ మందాన్ని, పూతను చెబుతుందే తప్ప దాని మీద ఎంత బరువు ఉందో చెప్పదు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ సైతం ఏళ్లు గడిచి స్లాబు కొద్దిగా కుంగి దాని మీద కూర్చున్నాక బరువు మోయడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఇది మీ ఇంటికి డిజైన్ కాదు, పరిమాణం అర్థం కావడానికి వేసిన లెక్క మాత్రమే. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు సుమారు 310 కిలోలు ఉంటుంది. దాని మీద ఫ్లోరింగు 100 కిలోలు, మనుషులూ సామానూ కలిపి నివాస గృహానికి లెక్కించే 200 కిలోలు చేరిస్తే 600 దాటుతుంది. మేడ పైకప్పుకు సున్నపు కాంక్రీటు పొరతో కలిపి అంతకంటే కాస్త ఎక్కువే అవుతుంది. ఇవి రెండూ, పై అంతస్తు గోడ సొంత బరువూ కలిస్తే మీ నడిమి గోడ తలమీద ప్రతి మీటరు పొడవుకూ దాదాపు 6 టన్నులు ఉన్నట్టు. మీరు తీయాలనుకుంటున్న 13 అడుగులు అంటే సుమారు 4 మీటర్లు, అంటే 24 టన్నులు. పైన సరిగ్గా ఆ గోడ మీదే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటే మరో టన్ను కలుపుకోవాలి.

ఈ బరువును 4 మీటర్ల దూరానికి ఎనిమిదంగుళాల మామూలు గర్డరు మీద పెట్టి లెక్క కడితే దాని ఉక్కులో చదరపు సెంటీమీటరుకు 5,000 కిలోలకు పైగా ఒత్తిడి వస్తుంది. మనకు బజారులో దొరికే సాధారణ గర్డరు ఉక్కు 2,500 కిలోల దగ్గరే తిరిగి రాని విధంగా వంగిపోతుంది. ఇటుక గోడకు ఖాళీ మీదుగా కమానులా తనంతట తాను సర్దుకునే గుణం కొంత ఉందనీ, పై గోడ బరువంతా గర్డరు మీదికి రాదనీ మేస్త్రీ వాదించవచ్చు. ఆ గుణం ఉన్న మాట నిజమే. అయితే మీ ఇంట్లో మొదటి అంతస్తు స్లాబు నేరుగా గర్డరు నెత్తినే కూర్చుంటుంది, దానికి ఆ వెసులుబాటు వర్తించదు. నా లెక్కలో పద్నాలుగు అంగుళాల గర్డరు, అంటే 350 మిల్లీమీటర్ల ఎత్తున్నది, ఈ పనికి సరిపడే దగ్గరకు వస్తుంది.

ఎత్తు అంత ముఖ్యం ఎందుకంటే, వంగుతున్న దూలంలో పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది, ఈ రెండు అంచుల మధ్య దూరం పెరిగేకొద్దీ అదే ఉక్కుకు ఎక్కువ పట్టు దొరుకుతుంది. ఒక స్కేలును పడుకోబెట్టి రెండు చివరలు పట్టుకుని నొక్కితే సులువుగా వంగుతుంది, అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కితే కదలదు. దూరం సంగతి ఇంకా కఠినమైనది: మీటరుకు బరువు మారకుండా ఖాళీ దూరం రెండింతలైతే దూలాన్ని వంచే ప్రభావం నాలుగింతలు, కుంగుబాటు పదహారింతలు అవుతుంది. ‘ఆరడుగుల కిటికీకి సరిపోయిన గర్డరు ఇక్కడా సరిపోతుంది’ అన్న అంచనాలు తప్పేది ఇక్కడే.

అయినా గర్డరు సైజు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది దాని చివరలు. ఈ రోజు మీ గోడలో ఆ బరువు పొడవునా పరుచుకుని ఉంది, చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలకు కాస్త పైన. గోడ తీసి గర్డరు వేసిన మరుక్షణం ఒక్కో చివర 12 టన్నులు దిగుతాయి. ఆ చివర తొమ్మిదంగుళాల మేర మాత్రమే ఇటుక మీద ఆనితే ఒత్తిడి 22 కిలోలు దాటుతుంది, అంటే ఎనిమిది, తొమ్మిది రెట్లు. ఆ కాలపు మామూలు ఇటుక గోడకు పది కిలోలు మించి నేను ఎన్నడూ ఒప్పుకోను. కాబట్టి గర్డరు చివరల కింద కనీసం మూడడుగుల పొడవున, తగినంత లోతున కాంక్రీటు దిమ్మ పోసి బరువును పరిచేయాలి, లేదా అక్కడ కొత్త పిల్లరు లేపి దానికి సొంత ఫుటింగు, అంటే అడుగున వెడల్పైన పునాది దిమ్మ, ఇవ్వాలి. మీ ఇంటికి నేను రెండోదానివైపే మొగ్గుతాను.

బేగంబజారు వైపు ఒక ఇంట్లో కింది అంతస్తును దుకాణంగా మార్చడానికి షట్టరు కోసం ముందు గోడను కోశారు. గర్డరు సైజు నిజానికి బాగానే ఉంది. దాని చివర మాత్రం సున్నపు మాలుతో కట్టిన పాత ఇటుక మీద మూడంగుళాలే ఆనింది. రెండు నెలల తరువాత పై అంతస్తులో పడకగది తలుపు గడియ పడడం మానేసింది. ఇంటివారు వడ్రంగిని పిలిచి రెండుసార్లు తలుపు చెక్కించారు. నన్ను పిలిచే సమయానికి కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా పగులు వచ్చింది, పై భాగంలో వేలి చివర దూరేంత వెడల్పు. ఆ రాత్రంతా జాకీలు పెట్టించి స్లాబును నిలబెట్టాము, తరువాత మూడు వారాలకు పిల్లర్లు, ఫుటింగులు పూర్తయ్యాయి. తలుపులు, కిటికీలు ఉన్నట్టుండి బిగుసుకోవడం ఇల్లు చేసే తొలి ఫిర్యాదు, దాన్ని రంధాతో చెక్కి సరిపెట్టకండి.

ఇక మీ నాన్నగారి మాట. హైదరాబాదు గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఆ రాతిలో నిలువుగా, అడ్డంగా ఉన్న చీలికల వెంట నీరు ఇంకి, నేల లోపలే రాయి అంచులు మెత్తబడి గుండ్రమై, ఆ పైన మట్టి కొట్టుకుపోయాక ఈ గుండ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నట్టుగా బయటపడ్డాయి. ఎవరూ పేర్చినవి కావు. ఒక గుండు నిలవాలంటే దాని గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు, అది ఆనిన చోటుకు సరిగ్గా పైన పడాలి. అలా పడనివి ఎప్పుడో దొర్లిపోయాయి, మనం చూసి ఆశ్చర్యపోతున్నవి మిగిలిన కొద్ది. పైగా వాటిలో రాయి నొక్కుడును మాత్రమే భరిస్తోంది, రాయికి సహజంగా చేతనైన పని అదే. రాయీ, కాంక్రీటూ లాగుడుకు బలహీనమైనవి. కాంక్రీటు లాగుడు బలం దాని నొక్కుడు బలంలో పదో వంతు దగ్గర ఉంటుంది, అందుకే స్లాబు అడుగున ఇనుప చువ్వలు వేస్తాం. కాబట్టి గుండు నిలబడడమూ, గోడ తీసిన తరువాత స్లాబు నిలబడడమూ ఒకే రకం సంగతులు కావు. ఆ పోలికను నిజంగా పాటించాలంటే, మీ గోడ పై గుండు కింద ఉన్న ఆనుడు రాయి అనుకోవాలి. గుట్ట ఎంత గట్టిదైనా ఆ రాయిని లాగేస్తే పై గుండు ఉండదు.

గోడ లేని పెద్ద ఖాళీలు నిలబడిన కట్టడం కావాలంటే చార్మినారును చూడండి. 1591లో కట్టినప్పుడు వారికి ఉక్కు గర్డర్లు లేవు, కాబట్టి నాలుగు దిక్కులా కమానులు ఎత్తారు. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, లాగుడు దాదాపు ఉండదు. దానికి బదులుగా కమాను తన పాదాల దగ్గర బయటికి తోస్తుంది. ఆ తోపును ఆపడానికి మూలల్లో బరువైన కట్టడం ఉండాలి. మీనార్లు అందానికే అనుకుంటాం గానీ, మూలల మీద అంత బరువు కూర్చోవడం వల్ల కమాను తోపు పక్కకు పోకుండా కిందికి తిరగడానికి సాయం దొరుకుతుంది. మీ గోడలో అలాంటి మూలలు లేవు, అందుకే మీ ఖాళీ మీద బరువును వంగి మోసే దూలమే మోయాలి.

ఇది చదువుతున్నవారిలో పాత జాక్ ఆర్చ్ ఇళ్లవారు, అంటే గర్డర్ల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులతో కప్పు ఉన్నవారు ఎవరైనా ఉంటే ఇదే తోపు సంగతి మీకు మరీ ముఖ్యం. మధ్య కమానులు ఒకదాన్నొకటి తోసుకుని సరిపెట్టుకుంటాయి, చివరి కమానును పట్టి ఉంచేవి పక్క గోడా, గర్డర్లను ఒకదానితో ఒకటి కలిపే ఇనుప కడ్డీలూ. సుల్తాన్ బజారు దగ్గర ఒక ఇంట్లో ఆ కడ్డీలు అందానికి అడ్డమని రెండింటిని కోసేశారు. ఏడాదిలో చివరి గోడ బయటికి ఉబ్బింది.

నేల గట్టిదన్న మాటకు నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. కూకట్‌పల్లి వైపు ఒక ఇంట్లో ఇలాగే గోడ తీసి రెండు పిల్లర్ల మీద దూలం వేయించాను. ఒక చివర గొయ్యి తవ్విస్తే నాలుగడుగుల్లో రాయి తగిలింది. రెండో చివరా అంతే ఉంటుందని అనుకుని అక్కడ తవ్వించలేదు. అది ఒకప్పటి రాతి క్వారీ గుంటను పూడ్చిన చోటని తరువాత తెలిసింది. తొలి వర్షాకాలం దాటేసరికి ఆ పిల్లరు పది మిల్లీమీటర్లకు పైగా దిగింది, పైగోడ చీలింది. దిగిన పిల్లరు కింద మళ్లీ లోతుగా పునాది వేయించడానికి ఆ ఇంటివారు పడిన ఇబ్బంది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మన నగరంలో ఒకే ప్లాటులో ఒక మూల మూడడుగులకు రాయి తగిలి, మరో మూల పదిహేనడుగులైనా తగలకపోవడం మామూలే. పిల్లరు వచ్చే ప్రతిచోటా విడిగా గొయ్యి తవ్వి చూడాలి.

ఇంకొక విషయం చాలామంది మరిచిపోతారు. గోడలు కిందికి దిగే బరువునే కాదు, పక్కకు తోసే గాలినీ, భూకంపాన్నీ ఆపుతాయి. పోస్టుకార్డును నిలబెడితే పడిపోతుంది, మధ్యలో మడిచి నిలబెడితే నిలుస్తుంది. అడ్డగోడలు ఇంటికి ఆ మడతలు. హైదరాబాదు భూకంప తీవ్రత తక్కువగా ఉండే ప్రాంతంలో ఉంది, అందువల్ల మనకు ముప్పు తక్కువే గానీ లేకపోలేదు. 13 అడుగుల గోడ పోయినప్పుడు దానికి ఆనుకున్న అడ్డగోడలు ఒంటరివి అవుతాయి, కాబట్టి కొత్త పిల్లర్లు, దూలం, కింద ప్లింత్ బీము (నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపే కాంక్రీటు దూలం) కలిపి ఒక గట్టి చట్రంగా ఉండేలా చూడాలి. అందుకే రెండు విడి పిల్లర్ల మీద గర్డరును ఊరికే పెట్టి వదిలేయడం నాకు నచ్చదు.

పని చేసే క్రమంలో మర్రిచెట్టును గుర్తు చేసుకుంటే మంచిది. అడ్డంగా చాచిన కొమ్మ నుంచి ఊడ దిగుతుంది, అది నేలను పట్టి లావెక్కి స్తంభమైన తరువాత కొమ్మ దాని మీద ఆనుకుని ఇంకా ముందుకు సాగుతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అంత విస్తీర్ణంలో పరుచుకోగలిగింది అందువల్లే. ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మలు బలహీనపడ్డప్పుడు మందుతో పాటు బరువైన కొమ్మల కింద ఆసరాలు కూడా నిలబెట్టారు.

మీ ఇంట్లో కూడా ఆసరా ముందు, కోత తరువాత. మొదట రెండు చివరల ఫుటింగులు, పిల్లర్లు పోసి కాంక్రీటుకు పూర్తి బలం వచ్చేదాకా, అంటే దాదాపు 28 రోజులు, ఆగాలి. ఆ తరువాత గోడకు రెండు వైపులా స్లాబు కింద జాకీలు నిలబెట్టాలి. పై గోడను పట్టుకోవడానికి స్లాబుకు కాస్త పైన గోడలో మూడేసి అడుగులకు ఒక రంధ్రం చేసి పొట్టి గర్డరు ముక్కలు అడ్డంగా దూర్చి, వాటి బరువు కూడా స్లాబు మీద ఆగిపోకుండా కింది జాకీల దాకా నేరుగా దిగేలా చూడాలి. జాకీల అడుగున షాబాదు బండ మాత్రమే ఉంటే దాని కింద వదులు మొరం ఉండవచ్చు, కాబట్టి మందమైన చెక్క దిమ్మెలు లేదా ఉక్కు పలకలు పరిచి బరువును పంచాలి. అప్పుడే గోడను పై వరస నుంచి, సుత్తి దెబ్బలతో కాకుండా కోత యంత్రంతో, కొద్దికొద్దిగా తీయాలి.

గర్డరు ఎక్కించాక దానికీ స్లాబుకూ మధ్య మిగిలే సన్నని సందును చాలామంది మామూలు మాలుతో పూసేస్తారు. ఈ పనిలో అతి పెద్ద తప్పు అదే. మామూలు మాలు ఆరి కుంచించుకుపోతుంది, జాకీలు తీయగానే స్లాబు ఆ సందు మేర దిగి పగులుతుంది. ఒక అంచు పలుచగా ఉండే ఉక్కు ముక్కలను (వెడ్జీలను) ఆ సందులో బిగించి కొట్టి గర్డరు ముందుగానే బరువు అందుకునేలా చేసి, ఆరినా కుంచించుకుపోని గ్రౌటుతో, అంటే సందుల్లో నింపే ప్రత్యేక సిమెంటు మిశ్రమంతో, సందును నింపాలి. జాకీలను ఒకేసారి కాకుండా రెండు మూడు రోజులలో కొంచెం కొంచెంగా వదులు చేయాలి. పని మొదలుపెట్టే ముందే పై అంతస్తులో ఉన్న ప్రతి పాత పగులు చివరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. కొత్తగా కదిలిందా, పాతదేనా అన్న వాదనకు తావుండదు.

చివరగా, మొదట చెప్పిన తక్కువ వెడల్పు మార్గం. మీకు నిజంగా 13 అడుగులూ కావాలా అని ఇంట్లో మరోసారి ఆలోచించండి. గోడ మధ్యలో ఆరడుగుల దారి తెరిచి, రెండు వైపులా తొమ్మిదేసి అడుగుల గోడను అలాగే ఉంచితే దూలాన్ని వంచే ప్రభావం నాలుగో వంతు కంటే తక్కువకు పడిపోతుంది, ఒక్కో చివర దిగే బరువు 12 టన్నులకు బదులు ఐదారు టన్నులే ఉంటుంది. అప్పుడు గర్డరు చిన్నదైపోతుంది, చాలావరకు చివరల కింద కాంక్రీటు దిమ్మలతోనే పని పూర్తవుతుంది, కొత్త ఫుటింగుల తవ్వకం తప్పే అవకాశం ఉంటుంది. ఆసరాల క్రమం మాత్రం ఇక్కడా మారదు. నా దగ్గరికి మీలాంటి కోరికతో వచ్చినవారిలో సగానికి పైగా చివరకు ఈ మార్గాన్నే ఎంచుకున్నారు, హాలు విశాలంగా కనిపించడానికి అది వారికి సరిపోయింది.

ఏది ఎంచుకున్నా లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరును ఇంటికి పిలిపించండి, అనుమతుల సంగతీ వారితోనే తేల్చుకోండి. వారు వచ్చేలోగా మేడ పైన నీళ్ల ట్యాంకు ఎక్కడుందో, రెండు అంతస్తుల్లో గోడలు ఒకదాని మీద ఒకటి ఎక్కడ వస్తున్నాయో ఒక కాగితం మీద కొలతలతో గీసి ఉంచండి. 1986 నాటి ప్లాను బీరువాలో ఎక్కడైనా దొరికితే దాన్నీ తీసి పెట్టండి.